ఇచ్చిన తోటకు తాళమెందుకు?

మన నగరపాలక సంస్థలు పార్కుల మీద ఖర్చు ప్రకటించినప్పుడల్లా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి: సుందరీకరణ, థీమ్ పార్కు, వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, సెల్ఫీ పాయింట్. ఈమధ్య వీటన్నిటి నెత్తిన ‘పెట్టుబడి’ అనే మాట వచ్చి కూర్చుంది. పెట్టుబడి అన్నాక రాబడి ఎంత అని అడగక తప్పదు గనుక ప్రణాళిక రాసేవాళ్లు ఆ లెక్క కూడా ముందే సిద్ధం చేసుకుంటారు. చుట్టుపక్కల స్థలాల ధర పెరుగుతుందంటారు, జనం ఆరోగ్యం బాగుపడుతుందంటారు, గేటు దగ్గర టికెట్టు పెడితే నిర్వహణ ఖర్చు వెళ్లిపోతుందంటారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు కల్పించడం పురపాలక సంఘాల పని అని రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో స్పష్టంగా రాసి ఉంది. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చిన నాటి నుంచీ ఉన్నదే అది. 2015లో మొదలైన అమృత్ పథకం కూడా కేటాయింపుల్లో రెండున్నర శాతానికి మించకుండా పార్కులకు ఖర్చు పెట్టుకోవచ్చంది. కనుక పార్కులు కట్టాలా వద్దా అన్నది తేలిపోయిన విషయం. తేలనిది ఇంకోటి ఉంది. ఒక ఊరు తన జనానికి తోట ఇచ్చినప్పుడు ఆ ఇవ్వడం వ్యాపారం కిందికి వస్తుందా, దయ కిందికి వస్తుందా, బాకీ తీర్చడం కిందికి వస్తుందా? ఇంజనీర్లు తేల్చగలిగిన ప్రశ్న కాదిది. కానీ గోడ ఎంత ఎత్తు కట్టాలో, తాళం ఎప్పుడు వెయ్యాలో, టికెట్టు పెట్టాలో వద్దో ఈ ప్రశ్నకిచ్చే జవాబును బట్టే ఉంటుంది.

మన ధర్మశాస్త్రాలు ఈ విషయం మీద చాలా లోతుగా ఆలోచించాయి. యజ్ఞయాగాలను ఒక వైపు పెట్టి, చెరువు తవ్వించడం, బావి కట్టించడం, తోట వేయించడం, అన్నం పెట్టించడం వంటి పనులను పూర్తం అనే పేరుతో రెండో వైపు పెట్టాయి. యజ్ఞానికి అధికారం కొందరికే. పూర్తానికి స్త్రీలకూ శూద్రులకూ కూడా అధికారం ఉందన్నాయి. ఇక్కడే ఒక సూక్ష్మమైన భేదం చూపించారు; పాండురంగ వామన కాణే తన ధర్మశాస్త్ర చరిత్రలో దాన్ని వివరంగా చర్చించాడు. దానంలో నా హక్కు పోయి ఇంకొకరికి హక్కు వస్తుంది. ఆవును దానం ఇస్తే అది పుచ్చుకున్నవాడిది అవుతుంది. ఉత్సర్గం అలాంటిది కాదు. చెరువునో తోటనో ఉత్సర్గం చేసినవాడు తన హక్కును వదిలేస్తాడు, దాన్ని మరొకరి చేతిలో పెట్టడు. సమస్త ప్రాణుల కోసం అని వదిలేస్తాడు. అలా వదిలాక తానూ ఆ నీళ్లు తాగవచ్చు, ఆ నీడన కూర్చోవచ్చు. అయితే యజమానిగా కాదు, పదిమందిలో ఒకడిగా. తెలుగు నేల మీద సప్తసంతానాల లెక్క కూడా ఈ ఆలోచన నుంచి పుట్టిందే. కొడుకు, చెరువు, కావ్యం, గుడి, నిధి, అగ్రహారం, వనం: ఈ ఏడూ మనిషి పోయాక కూడా నిలిచేవి. కొడుకు మీద తండ్రికి ఎంత హక్కు ఉంటుందో అందరికీ తెలిసిందే; పెరిగి పెద్దవాడయ్యాక వాడి బతుకు వాడిదే. వనాన్ని ఆ వరసలో చేర్చినవాళ్లకు తోట వేయడమంటే దాన్ని విడిచిపెట్టడమే అని తెలిసే ఉండాలి.

నా వాదన ఇంతే: నగరం వేసే పార్కును కొలవాల్సింది అది ఎంత కట్టిందన్న దానితో కాదు, కట్టాక ఎంత వదులుకుందన్న దానితో. ఈ కొలత పట్టుకుని చూస్తే మన పార్కులు చాలా చోట్ల ఇంకా ఉత్సర్గం కానేలేదు. మన ఊళ్లలో ఎన్నో పార్కులకు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే ప్రవేశం. మధ్యాహ్నం తాళం. పొద్దున నడకకు వచ్చేవాళ్లకు, సాయంత్రం పిల్లల్ని తెచ్చేవాళ్లకు ఈ వేళలు సరిగ్గా సరిపోతాయి. ఆ రెండు వేళల్లోనూ రానివాళ్లు, రాలేనివాళ్లు ఎవరు? ఆర్డర్ల మధ్య అరగంట ఖాళీ దొరికిన డెలివరీ కుర్రాడు, రెండిళ్ల పని ముగించుకుని మూడో ఇంటికి వెళ్లడానికి ఇంకా టైముండే పనిమనిషి, తోపుడు బండిని నీడకు తోసుకోవాలనుకునే పళ్లవాడు. వాళ్లకు ఎండ ముదిరాకే నీడ కావాలి, అప్పుడే గేటుకు గొలుసు వేలాడుతుంటుంది. ఊచల అవతల గానుగ చెట్టు కింద సిమెంటు బెంచీ ఖాళీగా ఉంటుంది. ఇవతల గోడ వారగా ఫుట్‌పాత్ మీద, ఆ చెట్టు కొమ్మే బయటికి వంగి ఇచ్చినంత నీడలో నలుగురు సర్దుకుని కూర్చుంటారు. చెట్టుకు ఉన్నపాటి ధర్మబుద్ధి గేటుకు లేదన్నమాట. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని ఒక బోర్డు పెట్టారు. విమర్శలు రావడంతో తీసేశారు. తీసేసినందుకు సంతోషించవచ్చు గానీ, అసలు అలా ఒక బోర్డు పెట్టవచ్చన్న ధీమా ఎక్కడినుంచి వచ్చిందన్నది ఆలోచించాల్సిన సంగతి. స్థలం మాది, మీరు వచ్చేది మా దయవల్ల అనుకున్నప్పుడే అలాంటి బోర్డు రాయాలన్న ఊహ పుడుతుంది.

ఇచ్చినట్టే ఇచ్చి పట్టు వదలకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోని మేకన్ పట్టణం కథ చాలు. జార్జియా రాష్ట్రానికి చెందిన సెనేటర్ ఆగస్టస్ బేకన్ 1911లో రాసిన వీలునామాలో తన భూమిని పార్కు కోసం ఆ పట్టణానికి రాసిచ్చాడు. షరతు ఒక్కటే, తెల్లజాతి స్త్రీలూ పిల్లలే వాడుకోవాలి. అర్ధశతాబ్దం పాటు పట్టణమే ఆ పార్కును నడిపింది. నల్లజాతివారిని కూడా లోపలికి రానివ్వడం మొదలయ్యాక వ్యాజ్యం వచ్చింది. ఇది స్వభావరీత్యా ప్రజల పార్కు, ఇందులో జాతి వివక్ష చెల్లదని 1966లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు జార్జియా న్యాయస్థానాలు ఇంకో దారి తీశాయి. షరతు చెల్లకపోతే దాత ఉద్దేశం నెరవేరనట్టే గనుక భూమి వారసులకు తిరిగి పోవాలన్నాయి. 1970లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ పార్కు పోయింది, తర్వాత ఆ నేలమీద వ్యాపార భవనాలు లేచాయి. ఆ తర్వాతి ఏడాది, 1971లో, మిసిసిపీలోని జాక్సన్ నగరం సంగతి అదే కోర్టు ముందుకు వచ్చింది. నల్లవాళ్లతో కలిసి ఈదడం ఇష్టంలేక ఆ నగరం తన ఈతకొలనులనే మూసేసుకుంది. అందరికీ మూసేశారు కాబట్టి వివక్ష లేదని అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, కాదని నలుగురు ఇంకో వైపు. ఈ రెండు ఉదంతాల్లోనూ డబ్బుకు కొదవ లేదు, చెట్లకు కొదవ లేదు, నీళ్లకు కొదవ లేదు. పంచుకోవాల్సి వస్తే అసలు లేకపోయినా పర్వాలేదనుకునేంత గట్టిగా ఇచ్చినవాడి పిడికిలి బిగిసి ఉంది. మన శాస్త్రకారుల భాషలో చెప్పాలంటే బేకన్ ఉత్సర్గం చేయలేదు.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. అమెరికాను వేలెత్తి చూపడం తేలిక, సమస్త ప్రాణుల కోసం అని సంకల్పం చెప్పుకున్న మన చెరువుల సంగతేమిటి? ఈ నిలదీతకు తప్పించుకునే జవాబు చెప్పకూడదు. మహాడ్‌లోని చవదార్ చెరువు ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వ డబ్బుతో కట్టిన, నడిచే నీటివనరులన్నీ అస్పృశ్యులకు కూడా తెరవాలని 1923లో బొంబాయి శాసన మండలి తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం కూడా సరేనంది. కాగితం మీద తెరుచుకున్న చెరువు నేలమీద తెరుచుకోలేదు. పశువులు తాగవచ్చు, అన్యమతస్థులు తాగవచ్చు, దళితులు తాగరాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. ఆ తర్వాత చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. దళితుల హక్కును బొంబాయి హైకోర్టు ఖాయం చేసేసరికి 1937 అయింది. సమస్త ప్రాణులు అన్న మాటలో తోటి మనిషి పట్టలేదంటే ఆ సంకల్పం చెప్పినవాళ్లు అబద్ధం ఆడారనే అనాలి. అయితే సంకల్పమే అబద్ధమా? నేను అలా అనుకోను. అప్పు పత్రం మీద సంతకం పెట్టి బాకీ ఎగ్గొట్టినవాడు ఉన్నంతమాత్రాన పత్రం చెల్లకుండా పోదు, వసూలు చేసుకునేవాడికి అదే ఆధారం అవుతుంది. మహాడ్‌లో జరిగింది ఆ వసూలే. కాబట్టి పాత ధర్మాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. అది తనకు తానే పెట్టుకున్న కొలతతో నిన్నటి చెరువునూ నేటి పార్కునూ రెంటినీ కొలవాలన్నదే నా మాట. గేటు దగ్గర మాసిన లుంగీ చూసి ఆపే వాచ్‌మన్, కాలనీవాసులకు మాత్రమే అని రాయించే సంక్షేమ సంఘం, బస్తీ పిల్లలు ఉయ్యాల ఎక్కితే విసుక్కునే పెద్దమనుషులు ఏ వారసత్వానికి చెందినవాళ్లో విడిగా చెప్పనక్కర్లేదు.

పెట్టుబడి వాదన వైపు కూడా న్యాయం ఉంది, దాన్ని తీసిపారేయలేం. రోజర్ ఉల్రిచ్ 1984లో అచ్చువేసిన అధ్యయనంలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లను పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే ముందుగా కోలుకుని ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. 2008లో లాన్సెట్ పత్రికలో మిచెల్, పోపమ్ ఇంగ్లండు జనాభా మీద రాసిన పత్రం ఇంకా ముఖ్యమైంది. పచ్చదనం ఎక్కువ ఉన్న చోట్ల పేదల మరణాల రేటుకూ సంపన్నుల మరణాల రేటుకూ మధ్య తేడా తక్కువగా ఉందని వాళ్లు గమనించారు. ఇవన్నీ నిజమే అయినప్పుడు వీటినే ఆధారం చేసుకుంటే పోలేదా? పోదు. రాబడిని ఆధారం చేసుకుని నిలిచిన పార్కు, అంతకంటే పెద్ద రాబడి చూపించేవాడు వచ్చినరోజున పడిపోతుంది. బెంగుళూరులో అదే జరగబోయింది. లేఅవుట్లో పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చారు. ఆసుపత్రి కంటే తోట గొప్పదా అని ఎవరైనా అడుగుతారు, ప్రయోజనం తూకంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కూడా. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. ప్రజలకోసం వదిలిన ఖాళీ స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రితో మార్చుకోవడం కుదరదన్నదే ఆ తీర్పు సారం. ఒకసారి వదిలేసిన దాన్ని మళ్లీ తూకంలో పెట్టే హక్కు వదిలినవాడికి ఉండదన్న పాత సూత్రమే అందులో నాకు కనిపిస్తుంది.

తాగునీళ్లు రాని బస్తీలున్న ఊరిలో పార్కులేమిటి, ఇది తీరికున్నవాళ్ల సరదా కాదా అనే అభ్యంతరం తరచు వింటుంటాం. మంచినీళ్లకూ మురుగు కాలువకూ తర్వాతే పార్కు అంటే ఒప్పుకుంటాను. కానీ తీరిక సరదా కాదు. రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకు బతకగలిగే వేతనంతో పాటు విశ్రాంతి సమయాన్ని పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించాలని ప్రభుత్వాన్ని కోరింది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుల్లోనే చేర్చింది. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా యోగం కుదరాలంటే తిండి, నిద్ర, పనితో బాటు విహారం కూడా హద్దులో ఉండాలంటుంది; అసలు ఉండకూడదని అనదు. డాబా, బాల్కనీ, క్లబ్బు సభ్యత్వం ఉన్నవాడికి పార్కు అదనం. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో చదువుకోవాల్సిన పిల్లకు, కోడలితో మాట పడి కాసేపు ఒంటరిగా కూర్చోవాలనుకునే ముసలామెకు ఇంకో చోటు లేదు.

ఉచితంగా వదిలేస్తే పాడైపోతుందన్నది దీనికంటే బలమైన అభ్యంతరం. ఉమ్మడి సొత్తు ఎవరికీ పట్టదని అనుభవం చెప్తుంది. విరిగిన ఉయ్యాలలూ ఎండిన ఫౌంటెన్లూ సాక్ష్యం చెప్తాయి. అందుకే టికెట్టు ఉండాలంటారు. పాతకాలం వాళ్లు ఈ సమస్యను ఎరుగనివాళ్లు కాదు. చెరువు తవ్వించి వదిలేయడంతో పని అయిపోయిందనుకోలేదు. దశబంధం పేరుతో భూమినో ఆదాయంలో భాగాన్నో దాని మరమ్మతుకు కట్టేశారు. నీళ్లు తోడుకునేవాడి దగ్గర కుండకింత అని వసూలు చేయలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అది లెక్కగా చెప్పింది. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఎవరి బాధ్యతో తేలని చోట కట్ట తెగుతుందని వాళ్లకు తెలుసు. పట్టణాభివృద్ధి సంస్థ వేసిన పార్కును నగరపాలక సంస్థ తీసుకోక, ఉద్యాన విభాగానికీ ఇంజనీరింగ్ విభాగానికీ మధ్య మోటారు కాలిపోయి నెలల తరబడి పడి ఉండడం చూసినవాళ్లకు ఈ ఆరువందల ఏళ్ల నాటి హెచ్చరిక నిన్న రాసినట్టే ఉంటుంది. ఆస్తి పన్నులో ఇంత శాతం పార్కుల నిర్వహణకు అని ముందే కట్టేస్తే గేటు దగ్గర టికెట్టు అవసరం పడదు. పది రూపాయలే కదా అంటారు. నలుగురున్న ఇంటికి రోజూ నలభై రూపాయలు, నెలకు పన్నెండు వందలు. పేద ఇంటి పిల్లవాడు ఆ లెక్క వినగానే గేటు దగ్గరికి కూడా రావడం మానేస్తాడు.

ఇక అందరూ మాట్లాడడానికి జంకే సంగతి ఒకటి ఉంది. కాలనీ పార్కు మూలన మొదట ఒక వేపచెట్టు కింద రాయి, తర్వాత చిన్న గద్దె, ఆ తర్వాత రేకుల షెడ్డు, చివరికి గోపురం. మతం ఏదైనా ఈ వరస కొంచెం అటూ ఇటూగా ఇదే. దేవుడి కోసమే కదా, కాదంటే పాపం కదా అని మున్సిపల్ సిబ్బంది వెనక్కి తగ్గుతారు. వీధులు, పార్కులు, ఇతర బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా గుడి గానీ, మసీదు గానీ, చర్చి గానీ, గురుద్వారా గానీ కట్టనివ్వరాదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను చట్టం మాట పక్కన పెట్టి ధర్మం మాటే అడుగుతాను. సప్తసంతానాల్లో గుడి వేరు, వనం వేరు. ఒకదాన్ని మింగి ఇంకోదాన్ని కట్టుకుంటే లెక్క ఏడు కాదు, ఆరవుతుంది. పైగా సమస్త ప్రాణుల కోసం వదిలిన చోటును ఒక సమూహం కోసం వెనక్కి తీసుకోవడం అంటే పూర్తం చేసినవాడి పుణ్యాన్ని దొంగిలించడమే. దేవుడికి సొంత స్థలంలో గుడి కట్టినవాడు భక్తుడు, పార్కులో కట్టినవాడు ఆక్రమణదారు. ఇందులో నాకు సందేహం లేదు.

డబ్బు ఎక్కడ ముందు పెట్టాలన్న దానికి కూడా ఈ కొలత పనికొస్తుంది. అమెరికాలోని మినియాపొలిస్ 2016లో తన పేటల పార్కులకు ఏడాదికి కనీసం కోటీ పది లక్షల డాలర్ల చొప్పున ఇరవై ఏళ్లు కేటాయించాలని నిశ్చయించి, పేదరికం, జనసాంద్రత, పార్కుల పాడుబడిన స్థితి వంటివి లెక్కగట్టి, అవసరం ఎక్కువున్న చోటు నుంచి మొదలుపెట్టే పద్ధతి పెట్టుకుంది. కార్పొరేటర్ పలుకుబడిని బట్టి పార్కులు వచ్చే మన ఊళ్లకు ఆ పద్ధతి అరువు తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మన దగ్గర దానికి కావలసిన నేల కూడా ఇప్పటికే ఉంది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ లేఅవుట్ వేసేవాళ్లు విస్తీర్ణంలో కనీసం పదో వంతు ఖాళీ స్థలంగా వదిలి, స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసి ఇవ్వాలి. ఈ కాలంలో ఉత్సర్గానికి మిగిలిన రూపం ఇదే. మంత్రం లేదు గానీ స్టాంపు కాగితం ఉంది. ఆ పదో వంతులో ఎంత పార్కుగా ఉంది, ఎంత ఫంక్షన్ హాలైంది, ఎంత ఎవరి ప్రహరీ లోపలికి పోయింది అన్నది కొత్త ప్రణాళికలు ప్రకటించే ముందు తేలాలి. హైదరాబాదులో 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక కబ్జా అయిన పార్కు స్థలాలు కొన్ని వెనక్కి వచ్చాయంటే, అంతకు ముందు అవి పోయే ఉన్నాయని అర్థం. కాబట్టి ఈ వ్యాసం చదివినవాళ్లను ఒకటే కోరుతున్నాను. మీ కాలనీకి మంజూరైన లేఅవుట్ నకలును, ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ నకలును, మీ పార్కు తెరిచి ఉంచే వేళలను ఎవరు ఏ ఉత్తర్వుతో నిర్ణయించారన్న వివరాన్ని సమాచార హక్కు కింద అడగండి. నగరపాలక సంస్థకు ఆ దరఖాస్తు పెట్టడానికి రుసుము 10 రూపాయలు.